కోనమడుగు నామాల పరిగెలు

నీరు: నడుము దాకా

మడుగులో కొలతరాయి పోయిన ఎండాకాలం పగిలిపోయింది. కొత్తది నాటేదాకా నా ఒళ్లే కొలత. పొద్దున్నే పెద్ద బండ పక్కన, ఎప్పుడూ ఒకే చోట దిగి నిలబడతాను. ఎంతవరకు తడిస్తే అంత నీరు. ఈరోజు మొలతాడు తడిసింది.

చేసిన పనులు: నాచు తీశాను. నీడ కోసం కట్టిన గుడ్డల్లో ఒకటి గాలికి చిరిగింది, కుట్టాను. కొంగ వచ్చింది, తోలాను. మళ్లీ వచ్చింది, మళ్లీ తోలాను. దానికీ వేరే మడుగు లేదు.

చేపలు బాగున్నాయి. నామాల పరిగె వేలెడంత ఉంటుంది. ఒంటి మీద మూడు నిలువు గీతలు, నడిమిది ఎర్రది. ఏరు పారిన రోజుల్లో జల్లెడ ముంచితే జల్లెడ నిండేదని మా నాయన చెప్పేవాడు. ఏరు ఇసుక కిందికి పోయాక మడుగులు ఒక్కొక్కటే ఎండాయి, వాటితోపాటు ఇవీ పోయాయి. ఇప్పుడు కోనమడుగులో తప్ప ఎక్కడా లేవు. ఎవరో చెబితే రాస్తున్నది కాదు. ఎగువకూ దిగువకూ నడవగలిగినంత దూరం నడిచి, ఉన్న గుంటలన్నీ చూసి రాస్తున్నాను.

సాయంత్రం జైనబ్బీ వచ్చింది. పోయిన వాన తర్వాత టౌను నుంచి మొగుడితో పాటు ఈ కొండకు వచ్చిన అమ్మాయి. అతను కొండమీది తేమతెరలు బాగుచేస్తాడు. ఆమె రేడియో వింటుంది. ఇక్కడ వాన దానంతట అది రాదు. సముద్రం మీది మబ్బుల్ని పట్టి తోలేది మబ్బుల కచేరి. లోయకొక వరస ఇచ్చి, రేడియోలో చదువుతారు. ఎండాకాలం చివర మా లోయ వరస.

"మామా, వరసలో మన పేరు చదివినారు," అంది. "నిన్నటి మాదిరే ఉండాది. కదల్లేదు."

మంచి మాట. రాసుకున్నాను.


నీరు: తొడల దాకా

గాలి వేడిగా ఉంది. నీడగుడ్డల కింద కూడా నీళ్లు గోరువెచ్చగా తగిలాయి.

ఓబులేసు మేకల్ని తోలుకొచ్చాడు. తాగనిస్తాను, దిగనివ్వను. దిగితే అడుగున ఉన్న కుళ్లు పైకి లేస్తుంది, చేపలకు ఊపిరాడదు.

"నా మేకలు కాళ్లు తడుపుకుంటే నీ చేపలకి మైల వస్తాదేమప్పా?" అన్నాడు.

"ఊపిరాడదు."

"నీళ్లల్లో ఉండేదానికి ఊపిరేంది సామీ! నాకు నేర్పిస్తాండావా?"

కర్ర అడ్డం పెట్టాను. మేకలు గట్టు మీద నుంచే తాగాయి. పోతూ పోతూ అతను మేకలతో అన్నాడు: "పదండ్రా, పెండ్లికూతుర్లు నిద్రపోతాండారంట."

మధ్యాహ్నం జైనబ్బీ కొండ దిగి వచ్చింది. ఆ ఎండలో రావడం చూసే తెలిసిపోయింది.

"మన వరస జరిపినారు మామా."

"ఎంతకు?"

"చెప్పల్యా. కోస్తాలో తోటలకి ముందు కావాలంట మబ్బులు. మనకి క్షమించమని చెప్పినారు. చెప్పి, పాటేసినారు."

"ఏం పాట?"

"వాన పాటే మామా." నవ్వబోయి మానేసింది.

ఈరోజు నుంచి గుడ్డలు రెండు పొరలు కడుతున్నాను. ఇంట్లో ఉన్న దుప్పట్లు కూడా తెచ్చాను.


నీరు: మోకాళ్ల దాకా

తెల్లవారి వెళ్లేసరికి పరిగెలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. నీళ్లలో గాలి కలిసేలా చెంబుతో ఎత్తి ఎత్తి పోశాను. ఎండ ఎక్కాక కొంచెం కుదుటపడ్డాయి. చచ్చినవి కొన్ని. వాటిని తీసి దూరంగా పూడ్చాను. కొంగ అలవాటు పడకూడదు.

ఇలా ఎన్ని తెల్లవార్లు ఆపగలను? నిలబడి ఆలోచించాను. ఇక్కడే ఉంచితే చస్తాయి. ఎత్తాలి. ఎత్తితే చోటు ఒక్కటే, కొండమీది దొన.

అది బండలో సహజంగా ఏర్పడిన తొట్టి. పక్కనున్న చరియ నీడ రోజంతా దానిమీద ఉంటుంది. తేమతెరలు గాలిలోంచి పిండే నీళ్లు ఇంటికొక కుండ వంతు వస్తాయి. అవి ఎప్పుడైనా మిగిలితే నిల్వ చేసుకోవాలని ఊరంతా కలిసి దొన పగుళ్లకు సున్నం పూశారు. మిగిలింది ఎప్పుడూ లేదు. దొన ఖాళీగానే ఉంది. ఖాళీగా ఉన్నా అది ఊరి ధైర్యం.

సాయంత్రం తెరల కింద అందరూ వంతుల కోసం చేరినప్పుడు అడిగాను. వంతులు పంచేది మారెక్క. తెరలు వచ్చిన నాటి నుంచి ఒక్క చుక్క ఎక్కువ తక్కువ కాలేదని ఆమెకు పేరు. గరిట చేతిలోనే పట్టుకుని నా వైపు చూసింది.

"తిప్పన్నా, నీ నోట్లోంచి ఇన్ని మాటలు నేనెప్పుడూ వినల్యా. మాటలకి కూడా వంతు పెట్టుకున్నావనుకుంటి. అంతా దాచిపెట్టి ఈ పొద్దు పోస్తాండావా?"

నవ్వారు. ఓబులేసు నవ్వలేదు.

"రేపు తెరలు నిలిచిపోతే?" అన్నాడు. "దొన నిండా చేపలుంటే మనమేం తాగాల? నా కోడలికి నెలలు నిండినాయి. చేపల కోసమని పిల్లకి చెప్పేదా నేను?"

"మడుగు నీళ్లే తెచ్చి దొనలో పోస్తా. మీ వంతు అడగను," అన్నాను.

"చోటు అడుగుతాండావు గదా. ఆ చోటు మాది."

"అవును."

"ఇంతకీ అవి ఉంటే ఏంది, పోతే ఏంది?"

అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. ఉన్నదే చెప్పాను. "నేను కొంగను తోలేది, గుడ్డలు కుట్టేది ఎందుకంటే, ఏరు మళ్లీ ఎప్పుడైనా పైకొస్తే అందులో ఏమీ లేకుండా పారకూడదని. చేప ఒకసారి పోతే మబ్బుల కచేరి కూడా పంపలేదు."

మారెక్క గరిట తిప్పి తిప్పి చూసుకుంది. "వాన వరస వచ్చేదాకా దొన నీది," అంది. "మడుగు నీళ్లు దాంట్లో తగ్గితే నీ వంతులో నువ్వు పోసుకో. నీ గొంతు ఎండితే నన్ను అడగొద్దు."

"అడగను."

"కుండలు నేను ఇప్పిస్తా. మోసేదానికి."

"శుభ్రంగా ఉండాలి మారెక్కా. ఊరగాయ కుండలు, ఉప్పు కుండలు వద్దు."

"నాకు చెప్తావా శుభ్రం!" అంది.


నీరు: పిక్కల దాకా

ముందుగా పీపాలతో మడుగు నీళ్లు ఎండబండి మీద కొండకు చేర్చాం. బండి ఎండ ఉంటేనే కదులుతుంది. ఎండకు మాత్రం కొరత లేదు. దొనలో నీళ్లు తేరుకున్నాక, ఈరోజు చేపల్ని ఎత్తాం.

ఊరు ఊరంతా వచ్చింది. మారెక్క తెచ్చిన కుండలు చూసి నాకే ఆశ్చర్యం వేసింది. పెళ్లికి ఐరేణి కుండలు తెచ్చినట్టు తెచ్చారు. మెడకు పసుపు దారాలు కట్టారు. తళతళలాడుతున్నాయి. పలుచటి గుడ్డతో పరిగెల్ని పట్టి, మడుగు నీళ్లతోనే కుండల్లోకి వదిలాను. ఒక్కదాన్ని కూడా చేత్తో ముట్టుకోలేదు. కుండలు చాలకపోతే ఓబులేసు తన ప్లాస్టిక్ క్యాను ఇచ్చాడు. మేకలకు నీళ్లు మోసేది. లోపల పాకుడు పట్టి ఉంది. వేరేది లేక తీసుకున్నాను.

కొండ ఎక్కేసరికి బండి వెనక నడుస్తున్న జైనబ్బీ ఒక కుండ మూత ఎత్తి చూసి అరిచింది. "మామా, ఆపు. ఇవి అడ్డం పడినాయి."

మొదటి కుండ మూత తీశాను. పరిగెలు వెల్లకిలా తేలుతున్నాయి. నీళ్ల మీద సన్నటి నురగ. రెండో కుండా అంతే. మూడోదీ అంతే. పరుగెత్తుకుంటూ అన్నిటినీ దొనలో ఒంపబోయి, ఆగిపోయాను. ఆ నురగ ఏమిటో తెలియకుండా ఒంపితే దొన కూడా పోతుంది.

వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. చేదు.

"మారెక్కా, కుండలు ఏం పెట్టి తోమినారు?"

"కుంకుడుకాయ. మంచిగ నానబెట్టి తోమినాం. మూడు తూర్లు."

"కడిగినారా?"

ఆమె ముఖం అప్పుడే మారింది. "నీళ్లు యాడివి తిప్పన్నా? వంతు నీళ్లు పారబోస్తామా? గుడ్డతో తుడిచినాం. నున్నగా తుడిచినాం."

ఈ కొండ మీద పుట్టి పెరిగిన వాళ్లు ఇంకెలా చేస్తారు? అన్నం తిన్న గిన్నె అయినా ఇక్కడ తుడుస్తారు, కడగరు. ఆ సంగతి ఎరిగిన నేను చెప్పాల్సింది. "శుభ్రంగా" అన్నాను, అంతే. కుంకుడు రసం పడితే చేప మొప్పలు పనిచేయవు.

కుండలన్నీ పోయాయి. బతికింది ఓబులేసు క్యాను ఒక్కటే. అందులో పరిగెలు ఏమీ ఎరగనట్టు తిరుగుతున్నాయి.

మారెక్క బండి పక్కన కూలబడింది. ఓబులేసు గొంతు సవరించుకున్నాడు.

"నేను కడగల్యా, తుడవల్యా," అన్నాడు. "తోముదామంటే నా పెండ్లాము కుంకుడుకాయలు కూడా ఇయ్యల్యా. మేకల క్యానుకి దండగన్నె."

మారెక్క ఏడుస్తూనే నవ్వింది. "నీ పెండ్లానికి దండం పెట్టాల్రా ఓబులా."

మడుగులో గుడ్డకు అందక నేను వదిలేసినవి ఇంకా ఉన్నాయి. ఆ క్యాను ఒక్కదాంతోనే పొద్దుగూకేదాకా కిందికీ పైకీ తిరిగాం. గుడ్డ పట్టింది మారెక్కే. వద్దంటే వినలేదు.

దొనలో చేరినవి తక్కువే. కానీ చేరాయి.


నీరు: మడుగులో లేదు. దొనలో మోచేతి దాకా.

కోనమడుగు అడుగు పెంకులు పెంకులుగా లేచింది. ఉదయం అలవాటుగా వెళ్లి అదే చోట నిలబడ్డాను. కాళ్లకు తడి తగల్లేదు. గుడ్డలు, దుప్పట్లు విప్పి మోసుకొచ్చాను. కొంగ వెళ్లిపోయింది.

దొనలో పరిగెలు కోలుకున్నాయి. నా వంతులో సగం రోజూ పోస్తున్నాను, నీళ్లు అలాగే నిలుస్తున్నాయి. గొంతు ఎండుతోంది. ఎవరినీ అడగలేదు.

ఓబులేసు కోడలు ప్రసవించింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా బాగున్నారు.

ఇప్పుడు ఉన్న చిక్కు వేరు. ఆడ పరిగెల కడుపులు ఉబ్బాయి, గుడ్లు నిండుగా ఉన్నాయి. కానీ పెట్టవు. నిలవ నీళ్లలో ఈ జాతి గుడ్లు పెట్టదు. వాన పడి, కొత్తనీరు పల్లానికి ఉరికితే, దానికి ఎదురెక్కి ఎగువన గులకరాళ్ల మధ్య పెడతాయి. ఇవన్నీ పోయిన వాన వరసలో పుట్టినవి. ఇంకో ఎండాకాలం బతికే జాతి కాదు. ఈ కడుపులు ఊరికే కరిగిపోతే, దొనలో నేను కాపాడుతున్నది ముసలి చేపల్ని మాత్రమే.

జైనబ్బీ మధ్యాహ్నం రేడియో ఆపేసి వచ్చింది.

"మామా, ఈ ఏడు మన లోయకి వరస లేదంట. తీసేసినారు."

"జరిపినారా, తీసేసినారా?"

"తీసేసినారు మామా. ఈసారి పాట కూడా వేయల్యా."

సాయంత్రం వంతుల వేళ మళ్లీ నిలబడ్డాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"వాళ్లు వాన ఇవ్వరు. మనమే ఏరు పారించాలి," అన్నాను. దొన పైన బండకు ఒక గాడి ఉంది. పూర్వం వాన నీళ్లు దాంట్లోంచి దిగేవి. ఇళ్లన్నీ ఒకే పొద్దున తమ వంతులు తెచ్చి, పైనుంచి ఆపకుండా గాడిలో పోస్తే, కాసేపైనా కొత్తనీరు వచ్చినట్టు ఉంటుంది. గాడిలో గులకరాళ్లు పరుస్తాను.

"ఒక దినం అందరి వంతూనా?" అన్నారెవరో.

మారెక్క ఆలోచించింది. "పోసిన నీళ్లు యాడికీ పోవు గదా, దొనలోకే గదా? సాయంత్రం తోడి గుడ్డలో వడగట్టుకుంటే తాగొచ్చు. నీసు వాసన వస్తాది, అంతే. ఒక పగలు ఓర్చుకుంటే చాలు."

అలా అయితే సరేనన్నారు. ఒకరి తర్వాత ఒకరు తలలూపారు. ఓబులేసు వంతు వచ్చింది.

"నేనియ్యను," అన్నాడు. "ఇంట్లో బాలింత ఉండాది. కోపమొచ్చినా సరే, ఇయ్యను."

"బాలింత ఇంటి నీళ్లు తెచ్చినా నేను పోయనివ్వను," అన్నాను.

అతను ఆ మాట ఊహించలేదు. తల గోక్కున్నాడు. "రెండు చేతులుండాయి. పైకి మోసేదానికి వాడుకో," అన్నాడు.


నీరు: దొనలో మోచేతిపైకి

పొద్దు పొడవక ముందే అందరూ బండ ఎక్కారు. గాడిలో నిన్ననే గులకరాళ్లు సర్ది ఉంచాను. ఈసారి కుండలకు పసుపు దారాలు లేవు. ప్రతి కుండ నీళ్లూ నేను నాలుక మీద వేసుకుని చూశాను. ఎవరూ చిన్నబుచ్చుకోలేదు.

మొదటి కుండ మారెక్క పోసింది. ఓబులేసు కింది నుంచి అందిస్తున్నాడు, వరసగా చేతులు మారి పైకి వస్తున్నాయి. నీళ్లు గాడి వెంట జారి, గులకరాళ్ల మీద గలగలమని దొనలోకి దూకాయి. ఆ చప్పుడు విని ముసలివాళ్లు మాటలు మానేశారు. నేను దొన అంచున బోర్లా పడుకుని చూస్తున్నాను.

పరిగెలు ధార దగ్గరకు వచ్చాయి. చూశాయి. పక్కకు తిరిగి వెళ్లిపోయాయి.

మళ్లీ పోశారు. మళ్లీ వచ్చాయి, తిరిగి వెళ్లాయి. సగం కుండలు అయిపోయాయి. ధార దాటి ఒక్కటీ పైకి రాలేదు. ఎండ బండ మీదికి పాకుతోంది. పిల్లలు పెదవులు తడుపుకుంటున్నారు. "ఆపమందామా?" అని ఎవరో గుసగుసలాడారు. ఆపమని నేను చెప్పలేదు. ఏం చెయ్యాలో కూడా తెలియలేదు.

జైనబ్బీ నా పక్కనే కూర్చుని ఉంది. "మామా, నేను కొళాయి నీళ్లు తప్ప చూసినదాన్ని కాను," అంది. "యేరొచ్చినప్పుడు ఇంత తేటగా వస్తాదా?"

లేచి కూర్చున్నాను.

"తేటగా యాడొస్తాది?" అన్నాడు కింది నుంచి ఓబులేసు. "కొత్తనీరంటే ఎర్రమట్టి నీళ్లు. మనిషి చెయ్యి ముంచితే కనపడదు."

అన్నాక అతనూ ఆగిపోయాడు. చేతులు మారుతున్న కుండ మధ్యలోనే నిలిచింది. అందరికీ ఒక్కసారే అర్థమైంది. మేము పోస్తున్నది తాగే నీళ్లు. తెరల్లో పిండి, వడగట్టి, మూత పెట్టి దాచిన నీళ్లు. చేపలకు తెలిసిన కొత్తనీరు ఇది కాదు.

మారెక్క పైన గాడి దగ్గర నిలబడి ఉంది. మిగిలిన కుండలన్నీ ఆమె చుట్టూ ఉన్నాయి.

"తిప్పన్నా, మట్టి కలిపితే సాయంత్రం తాగేదానికి రావు."

"రావు. తేరుకునేదానికి రేపటి దాకా పడుతుంది."

"కలపకపోతే?"

"ఎక్కవు."

ఆమె కింద కూర్చున్న వాళ్లందరినీ చూసింది. ఒక్కొక్క ముఖమే చూసింది, వంతు పోసేటప్పుడు చూసినట్టే. వరసలో ముందు నిలబడిన ముసలమ్మ తన కుండను చంకలోంచి దించి మారెక్క కాళ్ల దగ్గర పెట్టింది.

మారెక్క వంగి, బండ పక్కనున్న ఎర్రమట్టి దోసిలి నిండా తీసుకుంది. ఆ కుండలో వేసింది. ఇంకో దోసిలి వేసింది. మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపింది. నీటి చుక్క నేల మీద పడితే నొచ్చుకునే మనిషి. కలుపుతున్నంతసేపూ కుండలోకి చూడలేదు.

పోసింది.

గాడి ఎర్రబడింది. ఎర్రనీళ్లు గులకరాళ్ల మీద నుంచి దొనలోకి దిగి పొగలా విచ్చుకున్నాయి. పరిగెలు కనిపించకుండా పోయాయి. నేను చెయ్యి నీళ్లలో పెట్టాను. ఏదో నా వేళ్ల మధ్య నుంచి దూసుకుపోయింది. ఇంకొకటి.

"ఆపొద్దు!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఇంకో కుండ, ఇంకో కుండ. అందరూ మట్టి తవ్వుతున్నారు. ధార మొదట్లో ఒక పరిగె ఎగిరి గులకరాళ్ల మీద పడింది. జారింది. మళ్లీ ఎగిరింది. ఈసారి రెండు రాళ్ల మధ్య తోక ఆనించి నిలబడింది, నీళ్లు దాని వీపు మీదుగా పారుతున్నాయి. నడిమి గీత ఎండలో మెరిసింది. దాని వెనక ఇంకొకటి ఎక్కింది. పొట్ట ఉబ్బిన ఆడది. దాని పక్కనే రెండు మగవి.

"ఎక్కుతాండాయి," అన్నాడు ఓబులేసు నెమ్మదిగా, ఎవరినో లేపకూడదన్నట్టు. తర్వాత అరిచాడు. "ఎక్కుతాండాయే మారెక్కా!"

మారెక్క చూడలేదు. "కుండ అందీరా ముందు," అంది.

మధ్యాహ్నానికి కుండలన్నీ ఖాళీ అయ్యాయి. గులకరాళ్ల అడుగున గుడ్లు అంటుకుని ఉన్నాయి, ఆవాల కంటే చిన్నవి. పగిలి పిల్లలయ్యేదాకా అవి ఆరకూడదు. తడిగుడ్డ కప్పాను. ఆ గుడ్డ ఆరకుండా రేపటి నుంచి వంతులో ఒక గరిట గాడికి పోతుందని మారెక్క చెప్పింది. అడగలేదు, చెప్పింది.

ఈ పూట తాగడానికి బాలింత ఇంట్లో తప్ప కొండమీద చుక్క లేదు. ఈ తెల్లవారి తెరల నీళ్లు కూడా ఆ కుండల్లోనే పోయాయి, మళ్లీ తెరలు తడిసేది రేపు తెల్లవారుజామున. అయినా ఎవరూ ఇళ్లకు పోలేదు. చరియ నీడలో, గాడికి రెండు పక్కలా, ఎండిన నోళ్లతో కూర్చుని ఉన్నారు. కొంగ వస్తే తోలాలి కదా అంటున్నారు.